మట్టిలో పుట్టిన మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో మాకు నాలుగెకరాల రేగడి ఉంది. ఉద్యోగం మాత్రం కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పడం. అందుకేనేమో, పొలం దగ్గర కలిసినవాళ్లు నన్ను మందుల గురించి అడుగుతారు, కాలేజీ పిల్లలు మట్టి గురించి అడుగుతారు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వినిపించిన ప్రశ్నలు ఇవి. మట్టి, మందుల తయారీ, వైద్యం యూనివర్సిటీల్లో వేర్వేరు బిల్డింగుల్లో ఉంటాయి గానీ, ఒక మాత్ర ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో చూస్తే మూడు గుమ్మాలూ తొక్కాల్సిందే.

మందులు నిజంగా మట్టిలోంచి వచ్చాయా? చెట్ల నుంచి కదా వచ్చేది?

వేప, తులసి, అశ్వగంధ మన నోళ్లలో నానినంతగా మట్టి నానలేదు కాబట్టి ఈ అనుమానం సహజమే. కానీ యాంటీబయాటిక్స్ వరకూ చూస్తే చెట్ల వాటా దాదాపు లేదు. టీబీకి వాడిన స్ట్రెప్టోమైసిన్ అమెరికాలో న్యూజెర్సీ మట్టిది. ఒకప్పుడు టైఫాయిడ్‌కి ఇచ్చిన క్లోరామ్‌ఫెనికాల్ వెనెజులా మట్టిది. ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టిది. కోవిడ్ రోజుల్లో డాక్టరు చీటీ లేకుండానే చాలామంది మింగేసిన అజిత్రోమైసిన్, ఆ ఎరిత్రోమైసిన్‌కే కాస్త రసాయన మార్పు చేసి తయారుచేసిన తమ్ముడు. వాంకోమైసిన్ అయితే బోర్నియో నుంచి ఒక మిషనరీ పంపిన మట్టిలో దొరికింది. ప్రకృతిలో దొరికి ఆస్పత్రుల్లో వాడుతున్న యాంటీబయాటిక్స్‌లో సుమారు మూడింట రెండు వంతులు ఆక్టినోమైసీట్స్ అనే ఒకే ఒక్క బ్యాక్టీరియా వంశానివి. వాటి కాపురం ఎక్కువగా మట్టిలోనే.

అలాగని అన్నీ మట్టివే అనుకోకండి. పెనిసిలిన్ ఒక బూజుది. సిప్రోఫ్లాక్సాసిన్ పూర్తిగా ఫ్యాక్టరీ బిడ్డ, ప్రకృతిలో ఎక్కడా లేదు. ఈ సిప్రో సంగతి గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు కథలో మళ్లీ వస్తుంది.

తొలకరి వాసనకూ మందులకూ సంబంధం ఉందంటారు. నిజమేనా?

నిజమే. రోహిణి ఎండకు రోళ్లు పగిలాక మొదటి వాన పడగానే గుప్పుమనే ఆ వాసనలో ముఖ్యమైన పదార్థం పేరు జియోస్మిన్. దాన్ని ఎక్కువగా తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ అనే ఆక్టినోమైసీట్. స్ట్రెప్టోమైసిన్‌కి ఆ పేరు దీన్నుంచే వచ్చింది. 1965లో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు జియోస్మిన్‌ను విడదీసి పేరు పెట్టారు. గ్రీకులో భూమి వాసన అని అర్థం. నీటిలో లక్ష కోట్ల పాళ్లకు కొన్ని పాళ్లే ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. బీట్‌రూట్ మట్టి వాసనా, చెరువు చేప కూరలో ఒక్కోసారి తగిలే మట్టి వాసనా ఇదే.

ఆ బ్యాక్టీరియాకి వాసనతో పనేమిటి అన్నది చాలాకాలం చిక్కుముడి. 2020లో ఒక జవాబు వచ్చింది. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ అని ఆవగింజంత ఉండి గెంతే ప్రాణులు ఉంటాయి. అవి ఈ వాసనకు వచ్చి స్ట్రెప్టోమైసిస్‌ను తింటాయి, పోతూ పోతూ ఒంటికి అంటుకున్న విత్తనాల్లాంటి స్పోర్లను మోసుకెళ్తాయి. తుమ్మెదకు పువ్వు ఎలాగో ఇదీ అలాగే, కాకపోతే నేల లోపల.

అంత చిన్న జీవికి యాంటీబయాటిక్ ఎందుకు?

ఆకలి రోజుల కోసం. తిండి ఉన్నంతసేపు స్ట్రెప్టోమైసిస్ దారాల్లా పాకుతుంది. తిండి అయిపోతే తన ఒంటినే కరిగించుకుని స్పోర్లు కడుతుంది. ఆ కరిగిన సరుకు కోసం చుట్టుపక్కల బ్యాక్టీరియా ఎగబడతాయి కదా, సరిగ్గా అప్పుడే మందు వదులుతుంది. పంట కోతకొచ్చినప్పుడు కావలి పెట్టుకున్నట్టు. తక్కువ మోతాదులో ఇవి విషాలు కావని, సూక్ష్మజీవులు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలని వాదించేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజం కావచ్చు.

స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది ఎవరు? ఇద్దరి పేర్లు వినిపిస్తాయి.

సెల్మన్ వాక్స్‌మన్, ఆల్బర్ట్ షాట్జ్. వాక్స్‌మన్ డాక్టరు కాదు, మట్టి శాస్త్రవేత్త. నేలలో హ్యూమస్ (ఆకులు అలములు కుళ్లి మిగిలే నల్లటి పదార్థం) ఎలా తయారవుతుందన్న దాని మీదే చాలా ఏళ్లు పనిచేశాడు. షాట్జ్ ఆయన దగ్గర పీహెచ్‌డీ కుర్రాడు, 23 ఏళ్లు. 1943 అక్టోబరులో రట్గర్స్‌లో బేస్‌మెంట్ ల్యాబులో కూర్చుని టీబీ క్రిమిని చంపే స్ట్రెప్టోమైసిస్ రకాలు రెండు పట్టాడు. ఒకటి బాగా పేడ ఎరువు వేసిన పొలం మట్టిలోంచి, రెండోది ఒక కోడి గొంతులోంచి. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు. అంతకు రెండేళ్ల ముందే షాట్జ్ గురువు మీద కోర్టుకెక్కి, రాయల్టీలో వాటా, సహ ఆవిష్కర్త అన్న గుర్తింపు సంపాదించుకున్నాడు. కోర్టుకెక్కిన శిష్యుడికి తర్వాత మంచి ల్యాబుల్లో చోటు దొరకలేదు. గైడ్‌తో గొడవ పడిన పీహెచ్‌డీ పిల్లలు నాతో ఈ కథ మాట్లాడతారు, నేను విని ఊరుకుంటాను.

మన వైపు టీబీ అంటే అప్పట్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం గుర్తొచ్చేది. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. అలాంటి జబ్బుకు మట్టిలోంచి ఇంజెక్షన్ వచ్చింది. అయితే ఇది కూడా చెప్పాలి: బ్రిటన్‌లో చేసి 1948లో ప్రచురించిన పరీక్షలోనే, ఒక్క స్ట్రెప్టోమైసిన్‌నే ఇస్తే కొన్ని నెలలకే టీబీ క్రిమి దానికి లొంగకుండా పోతోందని తేలిపోయింది. టీబీకి ఈ రోజుకీ మూడు నాలుగు మందులు కలిపి ఇవ్వడానికి కారణం అదే.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారికి ఇందులో పాత్ర ఏమిటి?

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఉండగా 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపితే భాస్వరం ఉన్నకొద్దీ నీలి రంగు చిక్కబడుతుంది, ఆ రంగును బట్టి లెక్క. మీ మండలంలో మట్టి పరీక్ష కేంద్రానికి వెళ్లి భాస్వరం ఎలా కొలుస్తారో చూడండి. కలిపే మందులు కొన్ని మారాయి గానీ, అక్కడా గాజు గొట్టంలో కనిపించేది ఆ మాలిబ్డినం నీలమే.

తర్వాత ఆయన న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడికి బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త వచ్చి చేరాడు. అప్పటికే ఉద్యోగ విరమణ అయిపోయి డెబ్బై దాటిన మనిషి. ఆయన తెలిసినవాళ్లందరినీ మట్టి పంపమని అడిగాడు. మిస్సోరీ యూనివర్సిటీలో విలియం ఆల్బ్రెక్ట్ అనే మట్టి శాస్త్రవేత్త, శాన్‌బార్న్ ఫీల్డ్ అనే ప్రయోగ క్షేత్రం నుంచి నమూనాలు పంపాడు. 1888 నుంచి నడుస్తున్న పొలం అది. అందులో 23వ మడి మట్టిలో బంగారు రంగు కాలనీ కట్టే స్ట్రెప్టోమైసిస్ దొరికింది. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో ప్రపంచానికి చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు, 53 ఏళ్లకే. 1994లో సూరత్‌లో ప్లేగు భయానికి జనం మందుల షాపుల ముందు ఎగబడి కొన్నది ఆ కుటుంబం మందునే.

ఆరియోమైసిన్‌ను సుబ్బారావు గారే కనిపెట్టారని మనవాళ్లు రాస్తుంటారు. పట్టుకుంది డగ్గర్. ఆ పని జరిగిన విభాగాన్ని నడిపింది సుబ్బారావు గారు. అది తక్కువ సంగతేం కాదు, సాగదీయాల్సిన అవసరం లేదు. పైగా ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు ఇచ్చే డీఈసీ, కేన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన బృందం పనే.

యాంటీబయాటిక్సేనా? మట్టి ఇంకేమైనా ఇచ్చిందా?

రెండు కథలు చెప్తాను. జపాన్‌లో సతోషి ఒమురా అనే ఆయన ఎక్కడికి వెళ్లినా జేబులో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని మట్టి పోగుచేసేవాడు. 1970ల్లో షిజువొకా ప్రాంతంలో కవానా అనే చోట ఒక గోల్ఫ్ కోర్సు దగ్గర తీసిన మట్టిలో కొత్త స్ట్రెప్టోమైసిస్ దొరికింది. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ అందులోంచి నులిపురుగుల్ని చంపే పదార్థం పట్టాడు. దానికి కొద్దిగా మెరుగులు దిద్దితే ఐవర్‌మెక్టిన్. 2015లో ఇద్దరికీ నోబెల్. మన దేశంలో 2018 నుంచి కొన్ని జిల్లాల్లో బోదకాలు నివారణకు మూడు మందులు కలిపి మింగిస్తున్నారు: ఐవర్‌మెక్టిన్, డీఈసీ, నులిపురుగుల మందు ఆల్బెండజోల్. అంటే జపాన్ మట్టీ భీమవరం బిడ్డ మందూ ఒకే గుక్కలో లోపలికి పోతున్నాయి.

రెండోది ఈస్టర్ దీవి మట్టి. అక్కడివాళ్లు తమ దీవిని రాపా నుయి అంటారు. 1964లో వెళ్లిన ఒక బృందం తెచ్చిన మట్టిలోంచి కెనడాలో సురేంద్రనాథ్ సెహగల్ అనే మన దేశస్థుడు రాపామైసిన్‌ను వేరుచేశాడు. ఫంగస్ మందుగా మొదలై, ఒంట్లో రోగనిరోధక శక్తిని అణచివేస్తోందని పక్కన పెట్టేశారు. కంపెనీ ఆ ల్యాబు మూసేసినప్పుడు ఆయన ఆ బ్యాక్టీరియాను ఇంటికి తీసుకుపోయి ఫ్రీజర్‌లో దాచాడు. ఏ గుణం చూసి పక్కన పెట్టారో ఆ గుణమే తర్వాత పనికొచ్చింది. 1999 నుంచి కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు వాడుతున్నారు.

గుప్పెడు మట్టిలోంచి మందు ఎలా వెతుకుతారు?

మా ఎమ్మెస్సీ పిల్లలు ఏటా చేసే ప్రాక్టికలే చెప్తాను. పై మట్టి గీసేసి నాలుగు నుంచి ఆరంగుళాల లోతులోంచి మట్టి తీస్తారు. నీడన ఆరబెట్టి కొంచెం కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, ఆక్టినోమైసీట్లకు అది నచ్చుతుంది. తర్వాత ఒక గ్రాము మట్టిని శుభ్రమైన నీటిలో కలిపి, అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మళ్లీ తొమ్మిది మిల్లీలీటర్లలో కలిపి, ఇలా అయిదారుసార్లు పలుచన చేస్తారు. గంజి పిండి, కేసీన్ (పాలలోని ప్రొటీన్) కలిపిన అగార్ అనే జెల్లీ మీద పోసి 28 డిగ్రీల దగ్గర వారం పది రోజులు పెడతారు. తొందరపడే బ్యాక్టీరియా రెండో రోజుకే వచ్చేస్తాయి. మనక్కావలసినవి నిదానంగా వస్తాయి. సుద్ద పొడి చల్లినట్టుండి, తీగతో గీకితే అగార్‌ను పట్టుకుని వదలవు. మూత తీస్తే తొలకరి వాసన. ఏటా కనీసం ఒక పిల్ల "సార్, వాన వాసన!" అంటుంది. ఆ క్షణం కోసమే నాకు ఈ ప్రాక్టికల్ ఇష్టం.

తర్వాత ఆ కాలనీని ప్లేటు మీద గీసి, అడ్డంగా వేరే బ్యాక్టీరియాను గీస్తారు. గీత దగ్గరికి రాకుండా అవి ఆగిపోయి మధ్యలో ఖాళీ జాగా కనిపిస్తే ఏదో మందు ఊరుతున్నట్టు. పిల్లలు గంతులేస్తారు. నేను ఆ సంబరం చెడగొట్టను గానీ, దొరికింది ఎప్పుడో 1950ల్లోనే తెలిసిన పదార్థం అయ్యే అవకాశమే ఎక్కువ. అది కొత్తదని తేలినా, విషం కాదని, ఒంట్లో పనిచేస్తుందని రుజువు చేసి మాత్ర చేయడానికి పదేళ్లు పైమాటే.

మన దేశం నుంచి ఏమీ రాలేదని కాదు. పుణె దగ్గర పింప్రిలో హిందుస్తాన్ యాంటీబయాటిక్స్‌లో తిరుమలాచార్ బృందం అక్కడి మట్టిలోంచే ఫంగస్ మందు హామైసిన్ తీసింది. ఆ బ్యాక్టీరియా పేరులో పింప్రి ఊరు ఉంది.

అయితే కొత్త యాంటీబయాటిక్స్ ఎందుకు రావడం లేదు?

ల్యాబు ప్లేటు మీద పెరగడానికి ఒప్పుకునేవి మట్టి బ్యాక్టీరియాలో నూటికి ఒకటి. మిగతా తొంభై తొమ్మిదీ మనం పెట్టే తిండి తినవు. ఆ ఒక్క శాతాన్నే 80 ఏళ్లుగా తవ్వుతున్నాం, దొరికిందే దొరుకుతోంది. 2015లో అమెరికాలో కిమ్ లూయిస్, స్లావా ఎప్‌స్టీన్ బృందం ఉపాయం మార్చింది. ఐచిప్ అనే చిన్న పలకలో ఒక్కో గదికి ఒక్కో కణాన్ని పెట్టి, సన్నటి పొర కప్పి, తిరిగి మట్టిలోనే పాతిపెట్టారు. సొంత ఇంట్లో ఉన్నాననుకుని అది పెరిగింది. అలా మెయిన్ రాష్ట్రపు మట్టిలోంచి టెయిక్సోబాక్టిన్ దొరికింది.

రెండో కారణం డబ్బు. షుగర్ మాత్ర జీవితాంతం అమ్ముడుపోతుంది. యాంటీబయాటిక్ వారం వేసుకుంటే అయిపోతుంది, అందులోనూ కొత్తదాన్ని వీలైనంత తక్కువ వాడండని డాక్టర్లే చెప్తారు.

గ్రీన్ కెమిస్ట్రీ అంటే ఫ్యాక్టరీలో చెట్లు నాటడమా?

గేటు దగ్గర గడ్డి పెంచి గ్రీన్ అని బోర్డు పెట్టే వాళ్ల పుణ్యమా అని ఈ ప్రశ్న వచ్చింది. గ్రీన్ కెమిస్ట్రీ అంటే చెత్త పుట్టాక శుభ్రం చేయడం కాదు, పుట్టకుండా తయారీ పద్ధతినే మార్చడం. 1998లో పాల్ అనాస్టస్, జాన్ వార్నర్ దీనికి పన్నెండు సూత్రాలు రాశారు. అంతకుముందు 1992లో రోజర్ షెల్డన్ ఒక సులువైన కొలత ఇచ్చాడు: కిలో సరుకు తయారయ్యేసరికి ఎన్ని కిలోల చెత్త? పెట్రోలు శుద్ధి చేసే చోట 100 గ్రాములు కూడా ఉండదు. మందుల్లో 25 కిలోల నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందులో సింహభాగం సాల్వెంట్లు, అంటే రసాయనాల్ని కరిగించడానికి వాడే ద్రవాలు. పెద్ద కంపు కొట్టే రిఫైనరీ కంటే తెల్లకోటు మందుల కంపెనీ లెక్కలో వెనకబడి ఉండటం చాలామంది నమ్మరు.

ఇక్కడ మట్టి మళ్లీ వస్తుంది. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ రెండింటికీ పునాది 6-ఏపీఏ అనే పదార్థం. పెనిసిలిన్‌ను ఒక చోట కత్తిరిస్తే అది వస్తుంది. పాత పద్ధతిలో ఆ కత్తిరింపుకి సున్నాకు 40 డిగ్రీలు కిందికి చల్లబరచి, డైక్లోరోమీథేన్‌లో, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ లాంటి కటువైన రసాయనాలు వాడేవారు. ఇప్పుడు బ్యాక్టీరియా ఎంజైమ్‌ను సగ్గుబియ్యం లాంటి పూసలకు అతికించి, మామూలు వేడి దగ్గర, నీళ్లలో అదే పని చేయిస్తున్నారు. పూసల్ని కడిగి మళ్లీ మళ్లీ వాడొచ్చు.

ఇంకోటి సిటాగ్లిప్టిన్. మన ఇళ్లల్లో షుగర్ ఉన్నవాళ్ల మాత్రల డబ్బాలో ఇది తరచూ కనిపిస్తుంది. దాని తయారీలో ఒక మెట్టుకి రోడియం అనే ఖరీదైన లోహం, ఒత్తిడితో కూడిన హైడ్రోజన్ కావలసి వచ్చేవి. మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు ఆర్త్రోబాక్టర్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్‌ను తరం తర్వాత తరం మార్చుకుంటూ పోయి ఆ పనికి ఒప్పించాయి. మంచి విత్తనం ఏరి ఏరి రకం తీసినట్టే. 2010లో దీనికి అమెరికా గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది. ఆర్త్రోబాక్టర్ మామూలు పొలం మట్టిలో కోకొల్లలు. ఇప్పుడు ఆ మాత్ర చేసే ప్రతి కంపెనీ ఈ దారినే పోతుందని మాత్రం అనుకోకండి.

హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల కంపెనీలు ఎందుకు? పటాన్‌చెరులో జరిగిందేమిటి?

1960ల్లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ హైదరాబాద్‌లో పెద్ద ప్లాంట్ పెట్టింది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు ఒక్కొక్కరే బయటికొచ్చి సొంత రియాక్టర్లు పెట్టుకున్నారు. 1970 పేటెంట్ చట్టం మందుకి కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది, కాబట్టి వేరే దారి కనిపెట్టినవాడు అదే మందు చేయగలిగేవాడు. మన బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు పదార్థం) పరిశ్రమ పెరిగింది ఆ తెలివితోనే. ప్రపంచానికి మందులు చవకగా దొరకడంలో ఈ ప్రాంతం కష్టం చాలా ఉంది. ఆ మాట ముందు చెప్పి, రెండో మాట చెప్పాలి.

చవక ధరలో కలవని ఖర్చు వాగుల్లోకి పోయింది. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల తయారీదారుల వ్యర్థజలాలు ఒకే సాధారణ శుద్ధి కేంద్రానికి వచ్చేవి. 2007లో స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లు పరీక్షించి ఫలితం ప్రచురించింది. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా గట్టిగా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే కాలవ నీళ్లు రోగి రక్తం కంటే పది రెట్లు చిక్కటి మందు. ఒక్క రోజులో పోయిన సిప్రో 45 కిలోలని, అది స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజులు వాడేంత అని వాళ్లు లెక్కగట్టారు.

ఆ నీళ్లలో బతకాలంటే బ్యాక్టీరియాకి ఒకటే దారి, మందుకు లొంగకుండా మారడం. తర్వాత ఆ వాగుల అడుగు బురదలో అలాంటి నిరోధక జన్యువులు విపరీతంగా కనిపించాయి. సిప్రో ఫ్యాక్టరీ బిడ్డ అన్నాను కదా. పెనిసిలిన్ తేమ తగిలితే కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. సిప్రో అలా కాదు, రేగడి బంకకు అతుక్కుని నెలల తరబడి ఉంటుంది. పన్నెండు సూత్రాల్లో పదోది సరిగ్గా దీని గురించే: పని అయిపోయాక విరిగి కలిసిపోయేలా అణువును రూపొందించాలి. తయారీ ఎంత పచ్చగా ఉన్నా, మందే కాలవలోకి కారితే ఆ పచ్చదనం ఎందుకూ కొరగాదు. విచిత్రం ఏమిటంటే, మట్టి ఆరోగ్యం మీద పనిచేసే ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ కూడా 1972 నుంచి అదే పటాన్‌చెరులో ఉంది.

2020 జనవరిలో కేంద్రం మందుల కంపెనీల వ్యర్థాల్లో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలకు మార్గదర్శకాలు తెచ్చింది. అవి మార్గదర్శకాలే, చట్టం కాదు.

నిరోధకత మందులు వచ్చాకే పుట్టిందా?

కాదు. కెనడాలో యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన మట్టిలో కూడా యాంటీబయాటిక్స్‌ను తట్టుకునే జన్యువులు ఉన్నాయని 2011లో చూపించారు. మందు చేసే జీవి పక్కనే దానికి తాళం చెవి తెలిసిన జీవి ఎప్పుడూ ఉంది. మనం చేసిందల్లా ఆ తాళం చెవిని ఊరంతా పంచిపెట్టడం.

పంటకు, కోళ్లకు, రొయ్యలకు యాంటీబయాటిక్ వాడితే తప్పేంటి? దిగుబడి వస్తోంది కదా.

స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం తెలియని వరి రైతు, నిమ్మ రైతు ఉండడు. ఎండాకు తెగులుకు, గజ్జి తెగులుకు ట్యాంకులో కలిపి కొట్టేవాళ్లం. మా నాన్నా కొట్టాడు. అందులో ఉన్నది మరేదో కాదు, షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌కి సుబ్బారావు గారి చోట మొదలైన టెట్రాసైక్లిన్ కలిపిన మిశ్రమం. 2021 డిసెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చి, 2024 జనవరి 1 నుంచి పంటల మీద వాడకం పూర్తిగా నిషేధించింది. పాత స్టాకు ఉందని ఎవరైనా అంటగడితే తీసుకోకండి.

కోళ్ల కథకూ పెర్ల్ రివరే మొదలు. ఆరియోమైసిన్ తీశాక మిగిలిన పిప్పిని లెడర్లీ వాళ్లు కోడిపిల్లలకు పెట్టి చూస్తే అవి త్వరగా బరువెక్కాయి. అప్పటినుంచి దాణాలో యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతా పాకింది. కోడి తిన్న మందులో చాలా భాగం రెట్టలో బయటికొస్తుంది, ఆ కోళ్ల ఎరువు పొలానికొస్తుంది. చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను కూడా దాణాలో కలిపారు. 2019లో మన దేశం దాన్ని ఆపింది. కోళ్ల ఎరువు వాడొద్దని అనను, మంచి ఎరువే. పచ్చిది చల్లకుండా కుప్ప పోసి, తడిపి, వేడెక్కి చల్లారేదాకా మాగనిచ్చి వేయండి. ఆ వేడికి క్రిములూ మందు అవశేషాలూ చాలావరకు తగ్గుతాయి.

రొయ్యల చెరువుల్లో క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఎప్పుడో నిషేధించారు. అయినా అవశేషాలు దొరికి కంటెయినర్లు వెనక్కి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. నష్టం ఒక్క రైతుతో ఆగదు, పక్క చెరువుల వాళ్ల రేటూ పడిపోతుంది. పట్టుబడికి ముందే, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా సంస్థ ల్యాబులో పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. సుబ్బారావు గారు పుట్టిన భీమవరం ఇప్పుడు రొయ్యలకు పేరుమోసిన ఊరు కాబట్టి, ఈ విషయం చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ మనసు అదోలా అవుతుంది.

జీవామృతం పోస్తే మట్టిలో సూక్ష్మజీవులు కోట్లలో పెరుగుతాయంటారు. మీరేమంటారు?

లెక్క వేద్దాం. ఎకరానికి పైన ఆరంగుళాల మట్టి బరువు సుమారు 900 టన్నులు. జీవామృతం ఎకరానికి 200 లీటర్లు. రెండింట్లోనూ గ్రాముకి సూక్ష్మజీవులు ఒకేలా ఉన్నాయనుకున్నా, మనం కొత్తగా కలిపేది ఉన్నవాటిలో నాలుగు వేల వంతు కంటే తక్కువ. కాబట్టి లాభం కనిపిస్తే అది మనం పోసిన క్రిముల వల్ల కాకపోవచ్చు. దానితో పాటు చేసే పనుల వల్ల కావచ్చు: ఆకులు అలములు కప్పడం, పచ్చిరొట్ట వేయడం, నేలను ఖాళీగా ఎండబెట్టకపోవడం. క్రిములు మట్టిలో కావలసినన్ని ఉన్నాయి, లేనిది వాటికి తిండి. మీ మట్టి పరీక్ష కార్డులో పన్నెండు అంకెలుంటాయి. అందరూ నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి మడిచి పెట్టేస్తారు. నేను మొదట సేంద్రియ కర్బనం చూస్తాను. అర శాతం కంటే తక్కువ ఉంటే క్రిములు పస్తులున్నట్టే.

పిల్లల్ని మట్టిలో ఆడనిస్తే మంచిదా, చెడ్డదా?

ఆడనివ్వండి, తిననివ్వకండి. ఫిన్లాండ్‌లో కొన్ని పిల్లల సంరక్షణ కేంద్రాల ఆవరణలో అడవి మట్టి, గడ్డి పరిచి నెల రోజులు ఆడిస్తే, వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగిందని, రోగనిరోధక సంకేతాలు మెరుగయ్యాయని 2020లో తేలింది. కానీ ఫిన్లాండ్ అడవి వేరు, మన ఊరి వీధి వేరు. మన మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉంటాయి, ధనుర్వాతం క్రిమి ఉంటుంది. టీకాలు, బళ్లో ఇచ్చే ఆల్బెండజోల్ మానకూడదు. పిల్ల అదే పనిగా మట్టి తింటుంటే తిట్టడం కాదు, రక్తం పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువైనవాళ్లకు ఆ యావ ఉంటుంది.

పెద్దవాళ్లకో మాట. షుగర్ ఉండి వానాకాలం బురదలో దిగేవాళ్లకు మెలియాయిడోసిస్ అనే మట్టి జబ్బు రావచ్చు. కాలికి గాయం ఉంటే బూట్లు వేసుకోండి. జ్వరం తగ్గకుండా వేధిస్తుంటే పొలం పని చేస్తానని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. టీబీలా కనిపించి దారి తప్పించే జబ్బు అది.

ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు ఏం చేయాలి?

ముందు, మిగలకుండా చూడండి. డాక్టరు అయిదు రోజులన్నది మూడో రోజు ఆపేస్తేనే కదా మిగిలేది. మిగిలాయి కదా అని పక్కింటి వాళ్లకు, గేదెకు వేయకండి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉందంటే చీటీ లేనిదే వాడకూడదని గుర్తు. సింకులో, టాయిలెట్‌లో పారేయకండి, సెప్టిక్ ట్యాంకులో పనిచేసేది కూడా బ్యాక్టీరియానే. మందుల షాపు వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే మాత్రలు స్ట్రిప్పులోంచి విడిపించి, వాడేసిన టీ పొడిలో కలిపి, కవరులో గట్టిగా కట్టి చెత్తబండికి ఇవ్వండి, పెంటకుప్పలో మాత్రం వేయకండి. మా ఇంట్లో ఒకసారి అలా పడేసిన మాత్రల ఖాళీ స్ట్రిప్పు, ఎరువు తోలాక మిరప తోట సాలులో పైకి తేలింది.